రెండో సినిమా ఎవరిస్తారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి సగం ఆడ డైరెక్టర్ల గురించే. మార్చి ఎనిమిది దగ్గర పడుతోందిగా! మిగతా పదకొండు నెలలూ హీరోల పారితోషికాలు అడుగుతారు, ఈ ఒక్క నెల మాత్రం మా వాళ్ళు గుర్తొస్తారు. పోనీలెండి, గుర్తొచ్చినప్పుడే చెప్పుకుందాం. కొత్తగా చదివేవాళ్ళ కోసం ఒక్క ముక్క: నేను 1988 నుంచి ఇరవై ఏళ్ళు హైదరాబాద్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా, తర్వాత కో-డైరెక్టర్‌గా పనిచేశాను. డైరెక్టర్ని మాత్రం కాలేదు. కాబట్టి ఈ జవాబుల్లో కాస్త కడుపుమంట కనబడితే సర్దుకుపోండి.

ప్రశ్న: మా కాలేజీలో మహిళా దినోత్సవానికి తెలుగు దర్శకురాళ్ళ మీద పోస్టర్ పెడుతున్నాం. మొదటి దర్శకురాలు విజయనిర్మల అని నేనూ, భానుమతి అని మా మేడమూ. ఎవరు కరెక్ట్ మేడమ్?
– డిగ్రీ విద్యార్థిని, నల్లకుంట

మీ మేడమే, తల్లీ. భానుమతి గారు 'చండీరాణి' తీసింది 1953లో. అప్పటికి విజయనిర్మల గారికి ఏడేళ్ళు! ఆ సినిమాని తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తీశారు. అందులో ఆవిడే ద్విపాత్రాభినయం, ఆవిడే డైరెక్షన్. ఒక భాషలో ఒక వేషం వేయించి ఓకే చెప్పించేసరికే మాలాంటి వాళ్ళకి నాలుక పిడచకట్టుకుపోయేది. ఆవిడ కెమెరా ముందు ఒక వేషం, ఇంకో వేషం, కెమెరా వెనక మూడోది. పైగా సొంత భరణీ వారి సంస్థ, జమాఖర్చుల తలనొప్పి వేరే. ఇవన్నీ చేస్తూనే నవ్వు నవ్వుగా అత్తగారి కథలు రాసిందావిడ. చాలా ఏళ్ళ తర్వాత, 1982లో, మొత్తం పిల్లల్నే పెట్టి 'భక్త ధ్రువ మార్కండేయ' తీశారు. పిల్లలతో షూటింగ్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళెవరూ ఆ పని చెయ్యరు. ఆవిడకి తెలిసీ చేశారు.

పోస్టర్‌లో చోటుంటే ఇంకో రెండు పేర్లు వెయ్యి. దక్షిణాదిలో ముందు మెగాఫోన్ పట్టిన ఆడమనిషి టి.పి. రాజలక్ష్మి. తమిళంలో 'మిస్ కమల', 1936. దేశం మొత్తానికి ముందు ఫాత్మా బేగం. 1926లో మూకీల రోజుల్లో 'బుల్బులే పరిస్తాన్' తీసింది. సొంత కంపెనీ కూడా పెట్టుకుంది.

ఒక్క మాట చెప్పనా? ఈ 'మొదటి' అనే మాటంటే నాకు చిరాకు. కొత్తమ్మాయి ఎవరైనా సినిమా తీసిందంటే చాలు, పేపర్లో ఆడవాళ్ళు ఇప్పుడే ఈ ఫీల్డులో అడుగు పెడుతున్నట్టు రాస్తారు. మళ్ళీ మళ్ళీ మొదటి అడుగే. డెబ్బై ఏళ్ళుగా గడప దగ్గరే ఉన్నామన్నమాట!

ప్రశ్న: విజయనిర్మల గారు 44 సినిమాలకి దర్శకత్వం వహించి గిన్నిస్‌లోకి ఎక్కారంటారు. నిజంగా ఆవిడే తీశారా, లేక భర్త కృష్ణ గారి అండతోనా? తప్పుగా అనుకోవద్దు.
– రిటైర్డ్ ఉద్యోగి, దిల్‌సుఖ్‌నగర్

తప్పుగానే అనుకుంటున్నాను మాస్టారూ. తండ్రి బ్యానర్లో డైరెక్టరైన అబ్బాయిల గురించి ఇదే ప్రశ్న ఎప్పుడైనా రాశారా?

సరే, విషయానికి వస్తాను. ఆవిడ 'పాండురంగ మహాత్మ్యం'లో చిన్న కృష్ణుడిగా వేసిన పిల్ల. అంటే 1957 నుంచే సెట్లో పెరిగిన మనిషి. 1967లో బాపు గారి 'సాక్షి'లో హీరోయిన్. తెలుగులో డైరెక్టర్‌గా మొదటిది 'మీనా', 1973. యద్దనపూడి సులోచనారాణి గారి నవల. ఆ సినిమాకి మా అమ్మ నన్ను తీసుకెళ్ళింది. నాకప్పుడు పదేళ్ళు. యద్దనపూడి సీరియల్ ఏ వీక్లీలో వస్తున్నా అమ్మ ఆ పేజీలు చింపి, గోనెసంచి సూదితో దారం ఎక్కించి కుట్టి, పాత క్యాలెండర్ అట్ట వేసుకునేది. హాల్లో టైటిల్స్ పడుతుంటే నా మోచెయ్యి గిల్లి, "చూడవే, రాసిందీ ఆడదే, తీసిందీ ఆడదే" అంది. కథ నాకు ఒక్క ముక్క గుర్తులేదు. ఆ గిల్లుడు గుర్తుంది.

ఇక అండ సంగతి. ఉంది, కాదనను. సొంత బ్యానర్ ఉంది, ఇంట్లోనే హీరో ఉన్నాడు. ఆ అండ దేనికి పనికొచ్చిందో చూడండి. 1974లో కృష్ణ గారితో 'దేవదాసు' తీశారు. నాగేశ్వరరావు గారి దేవదాసుని జనం గుండెల్లో పెట్టుకున్నారు కదా, దాని ముందు ఇది ఆడలేదు. వేరే ఎవరైనా ఆడమనిషి అయితే ఆ దెబ్బతో కథ ముగిసేది. ఆవిడకి ముగియలేదు, ఇంకో సినిమా, దాని తర్వాత ఇంకోటి. 44కి చేరి 2002లో గిన్నిస్‌లోకి ఎక్కారు. ఫ్లాప్ తర్వాత కూడా ఇంకో సినిమా చేతిలో ఉండటం, అండ అంటే అదీ. మన మగ డైరెక్టర్లకి పెళ్ళి కాకముందే అది ఇండస్ట్రీ ఇస్తుంది. ఆవిడ ఇంట్లో సంపాదించుకోవాల్సి వచ్చింది.

ఆవిడ పోయింది 2019 జూన్‌లో. మర్నాడు పేపర్లో 'కృష్ణ సతీమణి' అని పెద్దక్షరాలు చూసి నాకు టీ చేదెక్కింది.

ప్రశ్న: సావిత్రి గారు అందరూ ఆడవాళ్ళతో ఒక సినిమా తీశారట, నిజమేనా?
– గృహిణి, మల్కాజిగిరి

నిజమే. 'చిన్నారి పాపలు', 1968. కథ, నిర్మాణం, డైరెక్షన్, ముఖ్యమైనవన్నీ ఆడవాళ్ళవే. సంగీతం పి. లీల గారు. పాటలు పాడే లీల గారు సంగీత దర్శకత్వం కూడా చేశారని ఇప్పుడు ఎంతమందికి తెలుసు? నటించినవాళ్ళలో మగవాళ్ళున్నారు లెండి, జగ్గయ్య గారూ వాళ్ళూ. సినిమాకి డబ్బులు రాలేదు. అయినా ఆవిడ ఆగలేదు, 1969లో రామారావు గారితో 'మాతృదేవత' డైరెక్ట్ చేశారు. సావిత్రి అంటే అందరికీ కన్నీళ్ళూ, మందూ, చివరి రోజులే గుర్తొస్తాయి. ఆ కాలంలో ఒక టాప్ హీరోయిన్ కుర్చీలో కూర్చుని "యాక్షన్" అందన్న సంగతి చప్పున గుర్తు రాదు.

ప్రశ్న: మా అమ్మాయి ఇంజినీరింగ్ అయిపోయింది. ఉద్యోగం వద్దు, అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరతాను, డైరెక్టర్ని అవుతాను అంటోంది. రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు, ఒకటే టెన్షన్. ఆడపిల్లని ఆ ఫీల్డుకి పంపొచ్చా? వాళ్ళ నాన్నకి చెప్పడానికి నాలుగు ముక్కలు రాయండి అక్కా.
– ఒక తల్లి, కూకట్‌పల్లి

చెల్లెమ్మా, నాలుగు ముక్కలతో అయ్యేది కాదు, కొంచెం ఎక్కువే రాస్తాను. ఓపిగ్గా చదువు.

ముందు మీవారికి ఒక లెక్క చెప్పు. నందినీ రెడ్డి గారు 1996లో వచ్చిన 'లిటిల్ సోల్జర్స్'కి గుణ్ణం గంగరాజు గారి దగ్గర అసిస్టెంట్. ఆవిడ మొదటి సినిమా 'అలా మొదలైంది' వచ్చింది 2011లో. మధ్యలో ఎన్నేళ్ళో ఆయన్నే లెక్కపెట్టమను. పదిహేను. సుధ కొంగర గారు మణిరత్నం దగ్గర ఏళ్ళ తరబడి అసిస్టెంట్. 2010లో తమిళంలో 'ద్రోహి' తీస్తే అది పోయింది. ఆ తర్వాత సినిమా 2016లో, ఆడపిల్లల బాక్సింగ్ మీద. దాన్నే మరుసటేడు వెంకటేష్‌తో తెలుగులో 'గురు'గా తీశారు. ఆ పైన 2020లో సూర్యతో 'సూరరై పోట్రు', మనకి 'ఆకాశం నీ హద్దురా'. దానికి ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు వచ్చింది. మీ అమ్మాయి ఈ అవార్డునే చూస్తుంటుంది. ద్రోహికీ దాని తర్వాతదానికీ మధ్య ఆరేళ్ళు కృష్ణానగర్‌లో అద్దె కట్టుకోవాల్సి వస్తే ఏం చేస్తుందో అడుగు. జవాబు ఉంటే పంపించు.

ఇక పని. అసిస్టెంట్ అంటే సినిమా నేర్పుతారని అనుకుంటారు. నేర్పరు, నువ్వే చూసి నేర్చుకోవాలి. నా మొదటి పని కంటిన్యుటీ. అప్పట్లో మానిటర్లూ లేవు, ఫోన్లో ఫొటోలూ లేవు. రూళ్ళ నోటుబుక్కులో రాసుకునేదాన్ని: "సీన్ 42, షాట్ 3. ఎడమ చేతికి నాలుగు గాజులు, కుడి చేతికి వాచీ. కాఫీ గ్లాసులో సగం. జడ ముందుకి." ఆ సీను మిగతా సగం పదిహేను రోజుల తర్వాత ఇంకో ఇంట్లో తీస్తారు. ఆ రోజు జడ వెనక్కి ఉంటే తప్పు నాది. ఒకసారి అలాగే అయింది. రషెస్, అంటే ఎడిటింగ్‌కి ముందు తీసింది తీసినట్టు చూస్తుంటే, మాట మధ్యలో ఆ అమ్మాయి జడ వెనక నుంచి ముందుకి గెంతింది. అందరి ముందూ తిట్లు తిన్నాను. "వంటింట్లో ఉండక నీకెందుకమ్మా ఇవన్నీ" అని కూడా. ఆ నెల్లోనే నా పక్కన చేసే అబ్బాయి విలన్ నుదుటి మీద కట్టు కుడి నుంచి ఎడమకి మార్చేశాడు. దానికి మాత్రం అందరూ పగలబడి నవ్వారు. వాడిని ఆ షెడ్యూల్ అంతా "డాక్టర్ గారూ" అని పిలిచారు, అంతే.

అయినా ఆ నోటుబుక్కే నాకు చదువు. సీను ఎక్కడ కట్ అవుతుందో, ఎడిటర్‌కి ఏది కావాలో, ఏ షాట్ అక్కర్లేదో అందులో రాస్తూ రాస్తూ తెలిసింది. మీ అమ్మాయి చేరగానే "నాకు డైలాగ్ డిస్కషన్‌లో కూర్చోవాలని ఉంది" అనకుండా, కంటిన్యుటీ ఇస్తే కళ్ళకద్దుకుని తీసుకోమను.

ఇప్పుడు నీకు నిద్ర పట్టనివ్వని సంగతి. మా మొదటి అవుట్‌డోర్ గోదావరి వైపు. రూముల లిస్టులో నా పేరు లేదు. "ఒక్క అమ్మాయికి విడిగా రూమా, బడ్జెట్ ఎవరిస్తారు?" అన్నాడు ప్రొడక్షన్ మేనేజర్. మగ అసిస్టెంట్లు ఆరుగురు ఒక రూములో. నన్నెక్కడ వెయ్యాలో ఎవరికీ తెలియలేదు. హెయిర్‌డ్రెస్సర్ అక్క నా బ్యాగు పట్టుకుని "నాతో రా" అంది. ముప్పై ఏళ్ళ సర్వీసు ఆవిడది. ఆ రాత్రి కొబ్బరినూనె రాసుకుంటూ నాకు చెప్పింది: "షూటింగ్ ఇంటివాళ్ళతో మొదటిరోజే స్నేహం చేసుకో. కాఫీ కోసం కాదు, బాత్రూం కోసం." డైరెక్షన్ గురించి నాకు ఎవరైనా ఇచ్చిన సలహాల్లో ఇంతకంటే పనికొచ్చింది లేదు. మంచినీళ్ళు తాగకుండా రోజంతా నిలబడి ఆస్పత్రి పాలైన అమ్మాయిల్ని తర్వాత చూశాను.

ఇప్పుడు క్యారవాన్లు వచ్చాయి. కానీ అవి ఎవరికి? హీరో హీరోయిన్లకి. అసిస్టెంట్ అమ్మాయికి అందులోకి వెళ్ళే హక్కుందో లేదో చేరకముందే అడగమను, సిగ్గు పడొద్దు. బేటా, అంటే రోజువారీ భత్యం, ఎంత, ఏ రోజుకి ఆ రోజా, షెడ్యూల్ చివర్లోనా, అదీ అడగాలి. రాత్రి షూటింగ్ అయితే ఇంటిదాకా కంపెనీ బండి వస్తుందా? ఇంకొకటి, పదిమంది గానీ అంతకంటే ఎక్కువమంది గానీ పనిచేసే ఏ సంస్థలోనైనా లైంగిక వేధింపుల ఫిర్యాదులు తీసుకోవడానికి కమిటీ ఉండాలని 2013 నుంచి చట్టం ఉంది. సినిమా కంపెనీ దానికి అతీతం కాదు. "మీ కమిటీలో ఎవరున్నారండీ?" అని మొదటిరోజే మామూలుగా, కాఫీ అడిగినంత తేలిగ్గా అడగమను. అడిగిన అమ్మాయి జోలికి తొందరగా ఎవరూ రారు.

వీలైతే ముందు ఏదైనా కోర్సు చెయ్యనివ్వు. పుణెలో ఎఫ్‌టీఐఐ, కలకత్తాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్, మన ఊళ్ళోనే అన్నపూర్ణ కాలేజీ ఉన్నాయి. చదువు వల్ల డైరెక్టర్ అవుతుందని కాదు, సెట్లోకి వెళ్ళేసరికి పదిమంది స్నేహితులుంటారు. ఆ ఆరేళ్ళ మధ్య అద్దె కట్టేది వాళ్ళే.

మీవారికి చెప్పు, పంపడమా మానడమా అన్నది కాదు ప్రశ్న. ఎలాగూ వెళ్తుంది. ఇంట్లోంచి వెళ్తుందా, ఇల్లొదిలి వెళ్తుందా, అదే చూసుకోండి.

ప్రశ్న: ఆడవాళ్ళు ఎంతసేపూ పెళ్ళిళ్ళూ ప్రేమలూ తీస్తారు, సీరియస్ సినిమాలు తీయలేరు. ఒప్పుకుంటారా?
– సినీ అభిమాని, ఎల్.బి.నగర్

బాక్సింగూ, విమానాలూ పైన చెప్పాను, పెళ్ళిళ్ళు కావు కదా. వెంకటేష్ 'దృశ్యం' (2014) చూసే ఉంటావు, పోలీస్ స్టేషన్ సీన్లకి చేతులు పిసుక్కునే ఉంటావు. తీసింది శ్రీప్రియ గారు. డాక్యుమెంటరీలు నీకు అలవాటుందో లేదో, దీపా ధన్‌రాజ్ గారి 'క్యా హువా ఇస్ షెహర్ కో' అని ఉంది, 1986లోది. 1984లో మన పాతబస్తీ అల్లర్లప్పటి సినిమా. చార్మినార్ చుట్టుపక్కల తిరిగేవాడివైతే ఒకసారి చూడు. కర్ఫ్యూలో ఇంట్లో బియ్యం నిండుకున్నవాళ్ళు కెమెరా ముందు మాట్లాడుతుంటే కుర్చీలో కుదురుగా కూర్చోలేవు.

ఇంకో సంగతి కూడా ఒప్పుకో బాబూ. ప్రేమలూ పెళ్ళిళ్ళే తీస్తారంటావు, నిర్మాత దగ్గరికి ఫ్యాక్షన్ కథ పట్టుకెళ్తే "మీరు ఫ్యామిలీ సబ్జెక్ట్ చెయ్యండి మేడమ్" అని పంపేది ఎవరు? నన్నే మూడుసార్లు పంపారు.

ప్రశ్న: దర్శకుడా, దర్శకురాలా, లేడీ డైరెక్టరా? ఏమనాలి?
– ఉపాధ్యాయిని, ఉప్పల్

డైరెక్టర్. సెట్లో లైట్‌బాయ్ దగ్గర్నుంచి అందరూ అనేది అదే. "లేడీ డైరెక్టర్" అనేది ప్రెస్‌మీట్ల మాట. దర్శకురాలు అంటే నాకు అభ్యంతరం లేదు, తెలుగు మాట, బావుంది.

ప్రశ్న: జర్నలిస్టు బి. జయ గారు సినిమాలు కూడా తీశారా?
– మెహిదీపట్నం నుంచి

తీశారు. 'చంటిగాడు' 2003, 'లవ్లీ' 2012, 'వైశాఖం' 2017. ఒకపక్క సినిమా పత్రిక నడుపుతూ ఇంకోపక్క సినిమాలు. అంటే రివ్యూలు రాసేవాళ్ళ మధ్య కూర్చుని, వాళ్ళ చేతికే తన సినిమా ఇచ్చేది. ఆ ధైర్యం నాకు లేదు. 2018లో పోయారు.

ప్రశ్న: కాన్స్‌లో బహుమతి వచ్చిన పాయల్ కపాడియా సినిమాకి హైదరాబాద్‌తో ఏదో సంబంధం ఉందంటారు?
– ఐ.టి. ఉద్యోగి, మాదాపూర్

'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్', 2024లో కాన్స్‌లో గ్రాండ్ ప్రీ వచ్చింది. ముంబైలో నర్సులుగా చేసే మలయాళీ అమ్మాయిల కథ. దాన్ని మన దేశంలో విడుదల చేసింది రానా దగ్గుబాటి వాళ్ళ స్పిరిట్ మీడియా, అదీ సంబంధం. నేను మొదటివారంలోనే వెళ్ళాను. నా వరసలో నేనొక్కదాన్నే. వెనక వరసలో ఇద్దరు అమ్మాయిలు సబ్‌టైటిల్స్ పైకే చదువుతూ చూశారు. మామూలుగా అయితే "ష్" అనేదాన్ని, ఆ రోజు అనలేదు.

ప్రశ్న: మేడమ్, ఏమీ అనుకోకండి. మీ పేరు ఎప్పుడైనా తెరమీద పడిందా? ఏ సినిమాలో చూడొచ్చు?
– ఒక పాఠకుడు, సికింద్రాబాద్

ఏమీ అనుకోను. ఇన్నేళ్ళలో ఇది అడిగినవాడివి నువ్వొక్కడివే.

పడింది, చాలాసార్లు. మొదటిసారి పడినప్పుడు అమ్మని తీసుకెళ్ళాను, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో మార్నింగ్ షోకి. ఆ రోజుల్లో టైటిల్స్ చేత్తో రాయించేవాళ్ళు. అసిస్టెంట్ల పేర్లు ఒకే కార్డులో, చీమల్లాంటి అక్షరాలతో, నాలుగు సెకన్లు ఉంటే ఎక్కువ. ఆ కార్డు ఎప్పుడొస్తుందో నాకు తెలుసు కాబట్టి ఊపిరి బిగబట్టాను. వచ్చింది. నా పేరు చివర ణ-కి గుడి ఉండాలి. ఆ గుడి ఎగిరిపోయింది. రాసినాయన మర్చిపోయాడో, అసిస్టెంట్లలో ఆడపేరు ఉండదనుకుని సరిదిద్దాడో! ఒక్క గుడి పోయేసరికి నేను మగాణ్ణయి కూర్చున్నాను.

అమ్మ నా మోచెయ్యి గిల్లడానికి చెయ్యి చాపి, మధ్యలోనే ఆపేసింది. "నీది ఇంకా రాలేదేంటే?" అంది. వచ్చి పోయిందని చెప్పలేదు. సినిమా అయిపోయేదాకా ఆవిడ ఎదురుచూస్తూనే ఉంది.